సంచీలో బ్రేకులు

ఆదివారం పొద్దున, వీధిలోకి ఎండ ఇంకా దిగకముందే, కళ్ళజోళ్ళ దుకాణం మెట్ల మీద సంచీ విప్పేవారు. విప్పేది ఒక్కరే: దుకాణం యజమాని, సైకిలు సంఘానికి అధ్యక్షులు. చూసేది అందరూ. అది ఖాకీ గుడ్డ సంచీ. దానికి తోలు పట్టీలు, పట్టీలకు ఇత్తడి బిళ్ళలు. అందులోంచి ఒక్కొక్క వస్తువునూ పైకి తీసి, పేరు పలికి, కళ్ళద్దాలు తుడిచే మెత్తని గుడ్డతో తుడిచి, మళ్ళీ దాని అరలో దాన్ని పడుకోబెట్టేవారు. పంపు. ట్యూబు. చైను ముక్క, దాన్ని అతికే లంకె. చక్రం పుల్లలు, పానాలు, పంచరు అతుకులు, జిగురు గొట్టం. అన్నిటికన్నా చివర, ఎర్రకాగితం పొట్లంలో, బ్రేకు రబ్బర్లు. ఆ పొట్లాన్ని మాత్రం విప్పేవారు కాదు, పైకెత్తి చూపించేవారు. సభ్యులు తలలూపేవారు. సైకిళ్ళు కదిలేవి.

ఆ సంచీలోని వస్తువులు వాడరాదని నియమమేమీ లేదు. ఉన్న నియమం అంతకన్నా మర్యాదైనది. అత్యవసరమైతే ఎవరైనా వాడుకోవచ్చు. అది అత్యవసరమేనని అధ్యక్షులవారు ఒప్పుకోవాలి, అంతే. ఒప్పుకుని ఇచ్చాక, వాడినవారి పేరూ, వాడిన వస్తువూ, వాడిన చోటూ ప్రతి ఆదివారం సంచీ విప్పేటప్పుడు నలుగురూ వినేలా చెప్పాలి. "పళ్ళ డాక్టరుగారు, ట్యూబు, వంతెన దిగువన." డాక్టరుగారు ఆ మర్నాడే కొత్త ట్యూబు తెచ్చి ఇచ్చారు. ఇచ్చినా ఆయన పేరు మాత్రం సంచీలోంచి బయటికి పోలేదు. ఇన్నేళ్ళయినా ప్రతి ఆదివారం ఆయన వంతెన దిగువనే నిలబడి ఉంటారు, చేతిలో గాలిపోయిన చక్రంతో.

ఆ తర్వాత ఆయన సైకిలుకు పంచరు పడితే, దిగి నడిపించుకుంటూ, చెట్లు చూస్తున్నానని చెప్పేవారు. ప్లీడరుగారి చైను తెగినప్పుడైతే, ఆయన సైకిలును పొదల్లో పడుకోబెట్టి, కూరగాయల బండెక్కి ఇంటికొచ్చి, మామగారికి జ్వరమని కబురు తెలిసిందన్నారు. మామగారు పోయి అప్పటికి చాలాకాలం. సంచీ పక్కనే ఉండగా, సంచీకి తెలియకుండా సైకిలు బాగుచేయించుకోవడం ఆ సంఘంలో ఒక విద్యగా వర్ధిల్లింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో తెలివితక్కువతనం, ఇక్కడ కట్టుబాటు. ఆకులు అధ్యక్షులవారి దగ్గర ఉంటాయి. ముందు చేతులు చూపించాలి.

అధ్యక్షులవారు ఇంట్లోనూ అలాంటివారే. దుకాణం మీది మేడే వాళ్ళ ఇల్లు. ముందుగదిలో సోఫాకు కొన్ననాటి పలుచని ప్లాస్టిక్కు తొడుగు అలాగే ఉంది. కూర్చుంటే కరకరమని, లేస్తే పరపరమని పలుకుతుంది. కింద దుకాణంలో, అద్దాల అల్మారా పై అరలో, ఒక బంగారు అంచు ఫ్రేము ఉంది. అడిగినవాళ్ళందరికీ ఆయన అది మీ ముఖానికి కాదని చెబుతూ వచ్చారు. ఏ ముఖానికో ఇంకా ఎవరికీ తెలియదు.

దుకాణం వెనక గదిలో ఆయన తమ్ముడు పనిచేస్తాడు. తిరిగే చక్రానికి అద్దం అంచు ఆనించి, పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు పడుతుండగా, ఫ్రేముకు సరిపోయేదాకా అరగదీయడం అతని పని. మోచేతులదాకా తెల్లని బురద. చక్రం మోతలో ఎవరేమన్నా వినబడదు కనుక, వినబడినా వినబడకపోయినా తల ఊపి "సరే" అనడం అతనికి అలవాటయింది. అన్నగారి మాటకు మరీను. ఫలానా అద్దం ముందు చేయమంటే సరే. భోజనం తర్వాత చేద్దువుగాని అంటే సరే. సంఘంలో చేరమంటే సరే. సభ్యులు అతన్ని సరేగారనే పిలుస్తారు. దానికీ అతను సరేనన్నాడు.

అతని భార్య, అంటే అధ్యక్షులవారి మరదలు, పెద్దాసుపత్రి ఎముకల వార్డులో నర్సు. వారమంతా డ్యూటీలు, భర్త ముఖం నిదానంగా చూసేది ఆదివారమే. ఆ ఆదివారాన్ని సైకిలు సంఘం ఎత్తుకుపోతోందని గ్రహించి, ఆమె తన ఆసుపత్రి సైకిలు మీదే సంఘం వెంట బయల్దేరడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు రాకూడదని నియమం లేదు కనుక, అధ్యక్షులవారు కొంచెం విచారంగానే ఒప్పుకున్నారు.

ఆ వారం సంఘం కొండెక్కాలని నిశ్చయించింది. ఎక్కడంలో ఎవరికీ భయం లేదు. ఎక్కేటప్పుడు సైకిలు దానంతటదే ఆగుతుంది. భయమల్లా దిగడంలో. కొండ మీది నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలైన రోడ్డు మెలికలు తిరిగి, కిందికొచ్చేసరికి నిటారుగా జారి, ఒక గిడ్డంగి రాతిగోడ ముందు చటుక్కున ఎడమకు తిరుగుతుంది. తిరగనివాళ్ళు ఎముకల వార్డుకు వస్తారు. అక్కడ వాళ్ళను పేర్లతో కాక గోడవాళ్ళనే అంటారు. కిటికీ పక్క గోడాయనకు సూది వేశారా; ఆ కొత్త గోడాయనకు కాలు ఎత్తి కట్టారా. ఆమె రోజూ వినే మాటలు, అనే మాటలు.

తమ్ముడి సైకిలుకు బ్రేకు రబ్బర్లు అరిగి, ఇనుము ఇనుమును కొరుకుతోంది. బ్రేకు పట్టగానే కీచుమని వీధంతా వినబడుతుంది కాని, చక్రం మాత్రం తన దారిన తాను పోతుంది. శనివారం సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వస్తూ, వీధి చివర భర్త ఆ సైకిలును చెప్పుకాలితో ఆపడం చూసింది.

ఆ రాత్రి వడ్డన దగ్గర ఆ మాట ఎత్తింది. పొద్దున్నే సైకిలు కొట్టుకు వెళ్ళి రబ్బర్లు మార్పించుకొస్తామంది. అధ్యక్షులవారు ముద్ద దించి, ఆశ్చర్యంగా చూశారు. సంచీలో రబ్బర్లు పెట్టుకుని బయట కొనడమేమిటన్నారు. అధ్యక్షుడి తమ్ముడే కొట్టుకు పరిగెత్తితే సంచీ పరువేం కావాలన్నారు. పోనీ సంచీలోవే ఇవ్వండి, ఇప్పుడే వేసుకుంటామంది ఆమె. అవి దారిలో అవసరానికమ్మా, ఇంట్లో కూర్చుని వాడుకోవడానికా, అన్నారు ఆయన. ఇంట్లో ఇవ్వరు, సంచీలో ఉన్నాయి కనుక. కొట్లో కొననివ్వరు, సంచీలో ఉన్నాయి కనుక. ఆ ఎర్రకాగితం పొట్లం ఊళ్ళోని బ్రేకులన్నిటినీ మింగి కూర్చుంది.

తమ్ముడు సరేనన్నాడు. ఎవరి మాటకో తెలియలేదు.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ తోడికోడలు ఆమె భుజం తట్టింది. "మా అమ్మ పెట్టిన పింగాణీ పళ్ళేలు ఇప్పటికీ పెట్టెలో గడ్డి మీదే పడుకునున్నాయే. వాటికి తగ్గ చుట్టం ఇంకా పుట్టలేదట. నువ్వేమో బ్రేకులడుగుతున్నావు."

గదిలోకి వచ్చాక ఆమె భర్తతో, పొద్దున్నే తానే సైకిలు తీసుకుపోయి వేయించుకొస్తానంది. వద్దన్నాడతను. కొత్త రబ్బరు నల్లగా మెరుస్తుంది, అన్నయ్యది కళ్ళజోళ్ళవాడి కన్ను, పట్టేస్తాడు, అన్నాడు. పట్టేస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. అతను చాలాసేపు ఆలోచించాడు. ఏమవుతుందో అతనికి తెలియదు. అన్నయ్యకు తెలియకుండా ఒక పని చేసి చూసి ఉంటే గదా.

మర్నాడు సంఘం కొండెక్కింది. ముందు అధ్యక్షులవారు, వెనక క్యారియరు మీద సంచీ. ఆ వెనక ప్లీడరు, పళ్ళ డాక్టరు, తమ్ముడు, చివర మరదలు. ట్యాంకు చుట్టూ ఉన్న పిట్టగోడకు సైకిళ్ళు ఆనించి అందరూ రొప్పుతూ కూర్చున్నారు. కింద ఊరు ఎండలో మెరుస్తోంది. రోడ్డు అడుగున గిడ్డంగి గోడ అగ్గిపెట్టెంత కనబడుతోంది. మిగిలినవాళ్ళు ఊరిని చూశారు. ఆమె గోడను చూసింది. చూసి, లేచి, సంచీ ముందుకొచ్చి నిలబడింది.

"బావగారూ, ఆ పొట్లం ఇవ్వండి. ఈయన సైకిలుకు వేసుకుని దిగుతాం."

"ఇవ్వడానికేముందమ్మా. కానీ ఇప్పుడేమైందని?"

"ఏమీ కాలేదు. కాకముందే అడుగుతున్నాను."

"అదీ చిక్కు. ఏమీ కాలేదని నువ్వే అంటున్నావు."

ప్లీడరుగారు గొంతు సవరించుకున్నారు. జరిగినదాన్ని బట్టి అత్యవసరమవుతుంది కాని, జరగబోయేదాన్ని బట్టి కాదన్నారు. జరగబోయేదానికల్లా వస్తువులిస్తూ పోతే, జరిగినవాళ్ళకు ఏం మిగులుతుందన్నారు. మాట బాగా కుదిరిందని ఆయనకే తోచి, ఇంకోసారి అన్నారు. పళ్ళ డాక్టరుగారు మాత్రం ఇది ముమ్మాటికీ అత్యవసరమేనని పిట్టగోడ మీద గుద్ది చెప్పారు. అది జాలి అనుకునేరు. ప్రతి ఆదివారం వంతెన దిగువన ఒంటరిగా నిలబడి నిలబడి ఆయనకు విసుగెత్తింది; పక్కన ఇంకొకరుంటే కాలక్షేపమని ఆయన ఆశ.

ఈయన నడిచి దిగుతారులే పోనీ, అందామె. ఆ మాటకు అధ్యక్షులవారు నొచ్చుకున్నారు. సైకిలు సంఘంవాళ్ళు సైకిలును చేత్తో పట్టుకుని కొండ దిగుతుంటే ఊరివాళ్ళు ఏమనుకోవాలని అడిగారు. తమ్ముడు పిట్టగోడ మీది నాచు గోకుతూ, పర్వాలేదు, నెమ్మదిగా దిగుతాను, అన్నాడు. నెమ్మదిగా దిగడానికే బ్రేకులు కావాలని అతనికి చెప్పవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

"ఒక్క మాట చెప్పండి బావగారూ," అంది. "ఈయన పడ్డాక ఇస్తారా?"

"అదేం ప్రశ్నమ్మా," అన్నారు ఆయన, నిజంగానే బాధపడుతూ. "పడ్డవాడికి ఇవ్వకపోతే ఇంత బరువు ఎందుకు మోస్తున్నట్టు?"

ఆ మాటకు ప్లీడరుగారు తల ఊపబోయి ఆపుకున్నారు. తమ వాదమే అవతలివాళ్ళ నోట్లోంచి విన్నప్పుడు ప్లీడర్లకు కలిగే అనుమానమేదో ఆయనకూ కలిగినట్టుంది. నలుగురూ తన పక్షాన లేరని గ్రహించి, అధ్యక్షులవారు దానం చేసేవాడి నిట్టూర్పొకటి విడిచి, సంచీ పట్టీలు విప్పారు. తమ్ముడి పేరు, బ్రేకు రబ్బర్లు, ట్యాంకు దగ్గర, అని ముందుగానే ఒకసారి పలికి చూసుకున్నారు. పళ్ళ డాక్టరుగారి ముఖం వెలిగింది.

ఎర్రకాగితం విప్పారు. లోపల రబ్బర్లున్నాయి. ఉన్నాయనడం కూడా మర్యాద కోసమే. ఏళ్ళ తరబడి ఎండకూ చలికీ సంచీలో పడి ఉండి, అవి బూడిదరంగు తిరిగి, బీటలు వారి, రాయిలా బిగుసుకుపోయాయి. ఆయన ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టి ఎత్తబోతే, అంచు రాలి ఒళ్ళో పడింది. రెండోది ఎత్తకముందే రాలింది. ఎండిన రొట్టె తుంపుల్లా కాగితంలో ముక్కలు మిగిలాయి.

అందరూ ఆయన ముఖం చూశారు. ఆయన మాత్రం మరదలి ముఖం చూశారు.

"చూశావా అమ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ లక్షణంగా ఉన్నాయి. విప్పమన్నావు, గాలి తగిలింది."

ఆ పైన ఆయన చేసిన పని సంఘం చరిత్రలో చెప్పుకోదగ్గది. ఒళ్ళో రాలిన పొడితో సహా ముక్కలన్నీ ఏరి, కాగితంలో పోసి, పాత మడతల మీదే మళ్ళీ మడిచి, పొట్లాన్ని దాని అరలో పడుకోబెట్టారు. వాడలేదు కనుక ఎవరి పేరూ చెప్పనక్కరలేదని తీర్పు చెప్పారు. పళ్ళ డాక్టరుగారి ముఖం ఆరిపోయింది. ఇక సంగతి తేలింది కనుక బయల్దేరుదామన్నారు. చిన్నప్పుడు తామిద్దరూ చెప్పుకాలు టైరుకు అడ్డంపెట్టి ఆపేవాళ్ళమనీ, ఆ మాత్రం నేర్పు తమ్ముడికి ఎక్కడికీ పోదనీ ధైర్యం చెప్పారు.

తమ్ముడు లేచాడు. హ్యాండిలు పట్టుకున్నాడు. అలవాటైన మాట పెదవులదాకా వచ్చింది.

ఆమె అతని పక్కకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. వార్డులో పక్కలు సర్దేటప్పుడు రోగులతో మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"రేపు పొద్దుట డ్యూటీ నాదే. మంచం కిటికీ పక్కన వేయించనా, తలుపు పక్కనా? కిటికీ పక్కనైతే ఈ కొండ కనబడుతుంది."

అతను నోట్లో మాట మింగాడు. ఆమె కళ్ళలోకి చూడలేక, తల దించి నేల చూశాడు. నేల మీద ఆగిన చక్రాలు చూశాడు. అతని సైకిలు పక్కనే అన్నగారి సైకిలు. ముందు చక్రానికి ఇరువైపులా, వెనక చక్రానికి ఇరువైపులా, కొత్త రబ్బర్లు, నల్లగా, నిండుగా, అంచులు కూడా అరగకుండా. అంచులు చూడటం అతని వృత్తి. అవి రెండు మూడు రోజుల కిందట వేసినవని అతని కన్నుకు ఒకరు చెప్పనక్కరలేదు.

"ఇవి ఎప్పుడు వేయించావన్నయ్యా?"

"ఏవిరా?"

"ఇవి."

అధ్యక్షులవారు తమ చక్రాలను తామే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ముందు నడిచేవాడి సైకిలు బాగుండాలి కదరా, అన్నారు. తనకేమైనా అయితే సంచీ ఎవరు మోస్తారు, అన్నారు.

తమ్ముడు తన సైకిలును ఆయన ముందుకు తెచ్చి నిలిపాడు.

"నీ సైకిలు నాకివ్వు. దీన్ని నువ్వు తీసుకురా."

"నా సీటు నీకు ఎత్తురా. కాళ్ళందవు."

"దించుకుంటాను. పానా తియ్యి."

"పానా తీస్తే వాడినట్టు లెక్క."

"వాడుతున్నాను. వచ్చే ఆదివారం నా పేరు చెప్పు. ఆపై ఆదివారం కూడా చెప్పు. ఇటివ్వు."

అధ్యక్షులవారు చుట్టూ చూశారు. కాదనవచ్చు. కాదంటే, ఆ సైకిలు మీద దిగడానికి తమకు భయమని ఒప్పుకున్నట్టే. తమ్ముడికి లేని ప్రమాదం తమకు ఎక్కడినుంచి వచ్చిందో సంఘానికి వివరించాలి. ప్లీడరుగారు ఆకాశంలో దేనికోసమో వెతుకుతున్నారు. పానా చేయి మారింది. సంచీ పుట్టాక ఆ పానాకు అదే మొదటి పని. మర మీద పట్టగానే గట్టిగా, హాయిగా కరిచింది. తమ్ముడు సీటు దించి, అరచేత్తో చరిచి, క్యారియరు మీంచి సంచీ ఊడదీసి అన్న చేతుల్లో పెట్టాడు.

"కాలు అడ్డంపెడితే ఆగుతుందన్నావుగా," అన్నాడు. ఆ గొంతులో వెటకారం ఉందో లేదో తెలియదు. కొత్తగా మాట్లాడేవాళ్ళకు ఇంకా అవన్నీ రావు. "ఒకవేళ పడితే, సంచీ నీ దగ్గరే ఉంది."

భార్యాభర్తలిద్దరూ దిగారు. మొదటి మలుపు దగ్గర అతను బ్రేకు పట్టాడు. సైకిలు మాట విన్నది. రెండో మలుపు దగ్గర అవసరం లేకపోయినా పట్టాడు, మళ్ళీ విన్నది. తన మాట ఇంత తొందరగా వినే వస్తువు అతనికి ఇంతవరకు తగల్లేదు. అక్కడి నుంచి పడుతూ వదులుతూ, పడుతూ వదులుతూ, ఆమె వెనకనుంచి నవ్వుతూ ఇక చాల్లెమ్మనేదాకా ఆడుతూనే దిగాడు. నిటారు వాలులో గాలి చొక్కాను వీపుకు దూరంగా లాగింది. గిడ్డంగి గోడ అగ్గిపెట్టె నుంచి గోడగా పెరిగింది. గోడకు చాలా ఇవతలే సైకిలు ఆగింది, అతను ఒక కాలు నేల మీద పెట్టాడు. ఆమె వచ్చి పక్కన ఆగి, అతని మోకాలి మీద చేయి వేసి, ఏదో ఎముక సరిగ్గా ఉందో లేదో చూసినట్టు ఒకసారి నొక్కింది.

కాసేపటికి ప్లీడరూ, పళ్ళ డాక్టరూ వచ్చారు. ఆగకుండా, వీళ్ళ వైపు చూడకుండా, ఏదో పెద్ద పని ఉన్నట్టు ఎడమకు తిరిగి వెళ్ళిపోయారు. అధ్యక్షులవారు రాలేదు. పైన, రెండో మలుపు దగ్గర, ఒక చిన్న ఆకారం కనబడింది. సైకిలు ఎక్కి లేదు. సంచీ ఒక భుజానికి వేలాడుతోంది. రెండు చేతులా హ్యాండిలు పట్టి వెనక్కి లాగుతూ, మడమలు రోడ్డుకు తన్నిపెట్టి, ఆయన దిగుతున్నారు. ఆయన సైకిలును నడిపించడం లేదు. సైకిలే ఆయన్ని నడిపిస్తోంది.

పై నుంచి పాల వ్యాను ఒకటి దిగి వచ్చి, ఆయన పక్కన కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. గోడ దగ్గరికి వచ్చి, వీళ్ళ సైకిళ్ళు చూసి డ్రైవరు బండి ఆపాడు. కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మీరంతా ఒకటేనా? పైన ఒకాయన చెమటలు కక్కుతూ సైకిలు ఈడ్చుకొస్తున్నాడండీ. బండిలో వేసి దింపుతానంటే వద్దన్నాడు. బ్రేకుల్లేవా అంటే, ఉన్నాయని సంచీ తట్టి చూపించాడు. ఎవరాయన? మీకు చుట్టమా?"

ఆమె భర్త ముఖం చూసింది. అతను కొత్త బ్రేకును ఇంకోసారి పట్టి వదిలి, నిదానంగా సమాధానం చెప్పాడు.

"మా సంఘం అధ్యక్షులండీ."